కాంతికి ఏ పని అప్పగించాలి?

విద్యుత్తుకు బదులు కాంతితో లెక్కలు చేసే కంప్యూటర్ల గురించి కొన్నేళ్లుగా పత్రికల్లో చదువుతున్నాం. కాంతిని మించిన వేగం సృష్టిలో లేదు కనక, ఆ యంత్రం మన కర్మాగారాల్లోకి వస్తే ఉత్పత్తి అంతా రెప్పపాటులో చక్కబడుతుందని చాలామంది ఆశపడుతున్నారు. ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో ఈ ఉత్సాహం మరీ ఎక్కువ. ఉత్సాహం మంచిదే. కానీ కొత్త యంత్రం ఎంత వేగంగా పనిచేస్తుందని అడిగే ముందు దాన్ని ఏ పనికి పెట్టాలని అడగాలి. నా నిర్ణయం మొదటే చెబుతాను. కాంతి కంప్యూటర్‌ను వాల్వు తిప్పే చోట పెట్టకూడదు. ఏ వాల్వు ఎప్పుడు, ఎంత తిప్పాలో ఆలోచించే చోట పెట్టాలి. ఎందుకో వివరిస్తాను.

ముందు కర్మాగారం సంగతి చూద్దాం. విశాఖ ఉక్కు కర్మాగారం మనందరికీ తెలిసిందే. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇలాంటి కర్మాగారాల్లో బ్లాస్ట్ ఫర్నేసులో కరిగిన ఇనుము స్టీల్ మెల్ట్ షాపుకు వెళుతుంది. అక్కడ కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది, ఇనుములోని కార్బన్‌ను తగ్గిస్తారు. అలా ఒక విడతలో తయారైన ఉక్కును హీట్ అంటారు. ఆ హీట్‌ను లాడిల్ అనే పెద్ద పాత్రలోకి వంపి, క్రేన్‌తో ఎత్తి, కంటిన్యువస్ కాస్టింగ్ యంత్రం మీదికి చేరుస్తారు. కన్వర్టర్ నుంచి దిగేటప్పుడు ఆ ఉక్కు వేడి 1,600 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది.

లాడిల్ దారిలో ఆగిపోతే ఉక్కు చల్లారుతుంది. మరీ చల్లారితే మళ్లీ వేడిచేయాలి, కరెంటు ఖర్చవుతుంది. కాస్టర్ మీద ఉన్న లాడిల్ ఖాళీ అయ్యేలోగా తరువాతి లాడిల్ రాకపోతే ఉక్కు ధార తెగిపోతుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే బోలెడు సమయం వృథా. లాడిల్ ముందే వచ్చినా చిక్కే, తన వంతు వచ్చేదాకా అది నిలబడి వేడి కోల్పోతుంది. క్రేన్లు కొన్నే, లాడిళ్లు కొన్నే, ఆక్సిజన్ కొలిచినంతే. ఆర్డర్లను బట్టి ఒక్కో హీట్‌కు ఒక్కో గ్రేడు ఉక్కు కావాలి. ఉన్నవాటిని ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలి? వనరుల కేటాయింపు అంటే ఇదే. షిఫ్ట్ ఇన్‌ఛార్జి తల మీద రోజూ ఉండే బరువు ఇదే.

ఈ లెక్క ఎంత కష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. పది పనులు, పది యంత్రాలు ఉన్నాయనుకోండి. ప్రతి పనీ అన్ని యంత్రాల మీదా తనకు నిర్ణయించిన వరసలో సాగాలి. ఒక యంత్రం మీద ఒకసారికి ఒక్క పనే. అన్నీ ముగియడానికి పట్టే కాలం వీలైనంత తగ్గాలి. 1963లో ఫిషర్, థాంప్సన్ అనే పరిశోధకులు ఇలాంటి లెక్క ఒకటి ప్రచురించారు. ఒక యంత్రం మీద పది పనులను పేర్చడానికి 36,28,800 వరసలున్నాయి. పది యంత్రాలకూ కలిపి చూస్తే ఆ సంఖ్యకు 66 అంకెలు. అందులో కుదరని వరసలు చాలానే ఉన్నా, మిగిలినవి కూడా ఏ కంప్యూటరూ ఒక్కొక్కటిగా వెతకలేనన్ని. 930 యూనిట్ల కాలం కన్నా తక్కువలో ఆ పనులు ముగించడం అసాధ్యమని 1989లో ఫ్రాన్స్‌కు చెందిన కార్లియె, పిన్సన్ రుజువు చేశారు. పది పనుల లెక్క తేలడానికి 26 ఏళ్లు పట్టింది. నిజమైన కర్మాగారంలో పనులు వందల్లో ఉంటాయి.

మనుషులు ఈ సమస్య ముందు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటొరోవిచ్ అనే గణితవేత్త ఒక ప్లైవుడ్ సంస్థలో ఏ యంత్రం మీద ఏ చెక్క కోయాలో తేల్చడానికి కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఆ కృషికే 1975లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1947లో అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ ఇలాంటి లెక్కలకు సింప్లెక్స్ పద్ధతి ఇచ్చాడు. 1952 నాటికే చమురు శుద్ధి కర్మాగారాల్లో విమానాల పెట్రోలును ఏ పాళ్లలో కలపాలో ఆ లెక్కతో తేల్చడం మొదలైంది. 1970లలో షెల్ ఆయిల్ ఇంజినీర్లు ఇంకో అడుగు వేశారు. ప్లాంటు రాబోయే కొద్దిసేపట్లో ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా అంచనా వేసి, అందుకు తగిన చర్యల వరస మొత్తం లెక్కగట్టి, అందులో మొదటి చర్య మాత్రమే అమలు చేయాలి. కొత్త కొలతలు రాగానే మళ్లీ లెక్క వేయాలి. మోడల్ ప్రెడిక్టివ్ కంట్రోల్ అంటున్నది ఈ పద్ధతినే. నేటి రిఫైనరీలు దీని మీద ఎంతగానో ఆధారపడ్డాయి.

ఇక కర్మాగారంలో నియంత్రణ అంతస్తులవారీగా ఉంటుంది. ఈ అంతస్తులను గుర్తుపెట్టుకోండి, నేను చెప్పేదంతా వీటి మీదే నిలబడుతుంది. అట్టడుగున సెన్సర్లు, మోటార్లు, వాల్వులు. వాటి పైన పీఎల్‌సీ, అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. 1969లో జనరల్ మోటార్స్ కోసం తయారైన మోడికాన్ 084తో మొదలైన ఈ యంత్రం సెకనులో వందో వంతు వ్యవధిలో సెన్సర్లను చదివి, నిర్ణయం తీసుకుని, ఆజ్ఞ ఇస్తుంది. ఆ పైన కంట్రోల్ రూమ్. ఆపరేటర్లు తెరల ముందు కూర్చునే చోటు అది. అక్కడ వ్యవహారం సెకన్లు, నిమిషాలలో. దాని పైన షిఫ్టు ప్రణాళిక, రోజు ప్రణాళిక. అక్కడ గంటలు. కిందికి పోయేకొద్దీ నమ్మకం ముఖ్యం, పైకి పోయేకొద్దీ తెలివి ముఖ్యం.

ఇప్పుడు కాంతి దగ్గరికి వద్దాం. కాంతికి రెండు మంచి గుణాలున్నాయి. మామూలుగా రెండు కాంతి పుంజాలు ఒకదాన్నొకటి దాటిపోయినా ఏదీ చెడదు. విద్యుత్ తీగలను అలా దాటించలేం. రెండోది, ఒకే ఫైబర్‌లో అనేక రంగుల కాంతి ఏకకాలంలో, ఒకదానితో మరొకటి కలవకుండా ప్రయాణిస్తుంది. ఈ గుణాలతో గుణకారం చాలా తేలిక. దీపం వెలుగు ఒక సంఖ్య. దాని ముందు పెట్టిన పలక ఎంత వెలుగును వదులుతుందో అది రెండో సంఖ్య. బయటికి వచ్చిన వెలుగు ఆ రెండింటి లబ్ధం. అలాంటి కిరణాలు ఎన్నో ఒకే డిటెక్టర్ మీద పడితే అక్కడ కూడిక కూడా అయిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో జోసెఫ్ గుడ్‌మన్ బృందం 1978లోనే ఈ సూత్రంతో ఒక వరస సంఖ్యలను ఒక మాత్రికతో గుణించే పద్ధతి చూపింది. 2017లో ఎంఐటీ పరిశోధకులు సిలికాన్ చిప్ మీద కాంతిని చీల్చి మళ్లీ కలిపే ఇంటర్‌ఫెరోమీటర్లను 56 అమర్చి, ఆ చిప్‌తో మాటల్లోని అచ్చులను గుర్తుపట్టించారు.

అదే ప్రయోగంలో ఒక అంకె మన చెవిన పడాలి. మామూలు కంప్యూటర్ ఆ అచ్చులను నూటికి 91.7 సరిగ్గా గుర్తిస్తే, కాంతి చిప్ 76.7 గుర్తించింది. కాంతి లెక్క కొలత లాంటిది, అంకెలది కాదు. డిటెక్టర్‌లోని అలజడి, పక్క హీటర్ వేడి, అన్నీ జవాబులో కలుస్తాయి. పైగా కాంతి ఆగదు. దాన్ని ఒకచోట పట్టి ఉంచి, కావాలన్నప్పుడు తీసి వాడుకోవడం ఇప్పటికీ కష్టమే. కనుక జ్ఞాపకం పని, తర్కం పని ఎలక్ట్రానిక్ చిప్‌లే చేయాలి. కాంతిలోంచి అంకెల్లోకి, అంకెల్లోంచి కాంతిలోకి మారినప్పుడల్లా సమయమూ, శక్తీ ఖర్చవుతాయి.

కాంతి కంప్యూటర్ లోపల కూడా వనరుల కేటాయింపు సమస్య ఉంది. సామాన్యంగా వార్తల్లో రాని సంగతి ఇది. మొదటి వనరు వెలుగే. ఒక లేజర్ వెలుగును 64 దారులకు పంచితే, దారిలో నష్టమే లేదనుకున్నా ఒక్కొక్కదానికి దక్కేది 64వ వంతు. ప్రతి వంపు దగ్గరా, ప్రతి కలయిక దగ్గరా ఇంకొంత పోతుంది. కాలువ మొదట్లో నీళ్లు పుష్కలంగా ఉండి, చివరి ఆయకట్టు రైతుకు తడి అందని పరిస్థితి మనకు బాగా తెలుసు. చిప్‌లోని చివరి డిటెక్టర్‌దీ అదే పరిస్థితి. దానికి అందే వెలుగు అలజడి కన్నా తక్కువైతే లెక్క చెడిపోయినట్టే.

రెండో వనరు చోటు. ఎంఐటీ చిప్‌లో వాడిన తరహా అల్లికలో 4 దారులకు 6 ఇంటర్‌ఫెరోమీటర్లు చాలు. 64 దారులకు 2,016 కావాలి. దారులు రెట్టింపైతే పరికరాలు సుమారు నాలుగు రెట్లవుతాయి.

మూడో వనరు రంగులు, అంటే తరంగదైర్ఘ్యాలు. నెట్‌వర్కులో ఒక సందేశం బయలుదేరిన రంగుతోనే చివరిదాకా పోవాలి, మధ్యలో రంగు మార్చే పరికరం లేకపోతే. ఒకే ఫైబర్‌లో రెండు సందేశాలకు ఒకే రంగు ఇవ్వకూడదు. ఏ సందేశానికి ఏ దారి, ఏ రంగు అన్న లెక్క, ఇందాక చెప్పిన పది యంత్రాల లెక్కలాగే, పరిమాణం పెరిగేకొద్దీ విపరీతంగా కష్టమవుతుందని 1990ల మొదట్లోనే తేలింది.

నాలుగోది ఉష్ణోగ్రత. కొన్ని కాంతి చిప్‌లలో ఒక్కో రంగును ఎన్నుకోవడానికి అతి చిన్న సిలికాన్ ఉంగరాలు వాడతారు. ఒక్క డిగ్రీ వేడి మారితే ఆ ఉంగరం ఎన్నుకునే రంగు సుమారు 0.08 నానోమీటర్లు జరుగుతుంది. టెలికాంలో విరివిగా వాడే ఒక ప్రమాణంలో పక్కపక్క రంగుల మధ్య దూరం దాదాపు 0.8 నానోమీటర్లు. అంటే పది డిగ్రీల మార్పుతో ఉంగరం పక్కవాడి రంగును పట్టుకుంటుంది. అలా జరగకుండా ఉంగరాలకు చిన్న హీటర్లు, వాటికి సెన్సర్లు, నిరంతరం సరిదిద్దే నియంత్రణ వలయాలు అమర్చాలి. చమురు ట్యాంకు వేడిని నిలిపి ఉంచే సూత్రమే ఇక్కడ చిప్‌లోని ఉంగరాన్ని నిలబెడుతోంది. కర్మాగారాన్ని నడపడానికి కాంతి కావాలని మనం అంటున్నాం. కాంతి చిప్‌ను నడపడానికి కర్మాగారపు విద్యే కావాలి. ప్రాసెస్ కంట్రోల్ చదువుకున్నవారు ఈ రంగంలోకి ధైర్యంగా రావచ్చని నేను చెప్పడానికి కారణం ఇదే.

కేటాయింపు బాగా చేస్తే కాంతి ఎంత మేలు చేస్తుందో గూగుల్ కృత్రిమ మేధ లెక్కల కోసం కట్టిన తన టీపీయూ వి4 యంత్రంలో చూపింది. 2023లో ప్రచురించిన వివరాల ప్రకారం అందులో 4,096 చిప్‌లు ఉన్నాయి. వాటిని 64 చొప్పున 64 దిమ్మలుగా కట్టి, 48 ఆప్టికల్ స్విచ్‌లతో కలిపారు. ఆ స్విచ్‌ల లోపల అతి చిన్న అద్దాలు వంగి, కాంతిని కావలసిన ఫైబర్‌లోకి మళ్లిస్తాయి. ఒక దిమ్మ చెడిపోతే అద్దాలు తిరిగి, బాగున్న దిమ్మను దాని స్థానంలోకి తెస్తాయి. ఈ కాంతి సామగ్రికైన ఖర్చు మొత్తం యంత్రం ఖర్చులో 5 శాతం లోపు, వాడిన విద్యుత్తు 3 శాతం లోపు. ఇక్కడ కాంతి ఒక్క లెక్క కూడా చేయలేదు, దారులు మార్చింది అంతే. ఆ దారి ఏదో తేల్చింది మామూలు సాఫ్ట్‌వేర్.

మరి కేటాయింపు లెక్కలను స్వయంగా కాంతే చేయగలదా? ఇక్కడ రెండు ప్రయత్నాలు ముఖ్యం. మొదటిది జపాన్‌ది. అక్కడి టెలికాం సంస్థ ఎన్‌టీటీ పరిశోధకులు 2016లో కిలోమీటరు పొడవున్న ఫైబర్ చుట్టలో 2,000 కాంతి పల్సులను తిప్పారు. ఒక్కో పల్సు ఒక్కో నిర్ణయం. దాని దశ ఒకలా ఉంటే అవును, రెండోలా ఉంటే కాదు. పల్సులు తిరుగుతూ, ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తూ, చివరికి మొత్తం మీద మేలైన అమరికలో కుదురుకుంటాయి. 2021లో 5 కిలోమీటర్ల ఫైబర్‌తో లక్ష పల్సులదాకా వెళ్లారు. అయితే ఒక పల్సు మరోదాన్ని ఎంత ప్రభావితం చేయాలో లెక్కగట్టింది పక్కనున్న ఎలక్ట్రానిక్ చిప్.

రెండోది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చేసినది. వారి వివరాలు 2025 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వచ్చాయి. చిన్న మైక్రో ఎల్‌ఈడీ దీపాలు, కటకాలు, కాంతిని పట్టే సెన్సర్లు వాడి, సంకేతాన్ని మళ్లీ మళ్లీ అదే వలయంలో తిప్పుతారు. ఒక్క చుట్టుకు దాదాపు 20 నానోసెకన్లు. మధ్యలో అంకెల్లోకి మార్చే పని లేకుండా, జవాబు స్థిరపడేదాకా చుట్టూ తిరుగుతుంది. బార్‌క్లేస్ బ్యాంకుతో కలిసి, లావాదేవీలను ఏ క్రమంలో తీర్చాలన్న లెక్క మీద దీన్ని పరీక్షించారు. ఆ యంత్రంలో పట్టేవి 256 గుణకాలు మాత్రమే. మన ఉక్కు కర్మాగారం లెక్కకు అది ఏ మూలకూ చాలదు. కానీ దారి సరైనది.

ఇక అసలు విషయానికి వస్తాను. కాంతిని పై అంతస్తులోనే ఎందుకు ఉంచాలంటున్నాను?

మొదటి కారణం కాలం. పెద్ద వాల్వు ఒకటి తెరుచుకోవడానికి సెకన్లు పడుతుంది. ఫర్నేసు వేడి మారడానికి నిమిషాలు పడుతుంది. అక్కడ నానోసెకన్లలో జవాబు వచ్చినా దాన్ని వాడుకునేవారు లేరు. షెడ్యూలింగ్ అలా కాదు. కోట్ల అమరికల్లోంచి మంచిది ఎంత త్వరగా దొరికితే అంత లాభం. క్రేన్ చెడిపోయిన క్షణంలో కొత్త ప్రణాళిక చేతికొస్తే ఒక హీట్ దక్కుతుంది.

రెండో కారణం ఇంకా బలమైనది. ఇలాంటి లెక్కల్లో జవాబు వెతకడం కష్టం, వచ్చిన జవాబును సరిచూడడం తేలిక. లాడిళ్ల వరస ఒకటి ఇస్తే, అందులో ఒకే క్రేన్‌కు ఒకేసారి రెండు పనులు పడ్డాయా, ఏ లాడిలైనా మితిమీరి ఆగిందా, మామూలు కంప్యూటర్ క్షణంలో చెప్పేస్తుంది. అందువల్ల కాంతి యంత్రం అప్పుడప్పుడు తప్పినా నష్టం లేదు. తప్పు జవాబును పక్కన పెట్టి ఇంకోటి అడుగుతాం. వాల్వు దగ్గర ఆ తీరిక లేదు, అక్కడ తప్పు జరిగితే ప్రాణాలకే ముప్పు.

మూడోది అనుభవజ్ఞులు తప్పక పట్టించుకోవలసిన మాట. ఇప్పుడు చెప్పిన కాంతి యంత్రాలకు నియమాలను చాలావరకు జరిమానాల రూపంలో చెప్పాలి. ఫలానా హద్దు దాటితే ఇంత ఖర్చు అని అంకె వేయాలి. ఆ అంకె తక్కువ వేస్తే, హద్దు దాటి జరిమానా కట్టడమే లాభమని యంత్రం తేల్చేస్తుంది. ఖర్చుల విషయంలో అది పర్వాలేదు. గ్యాస్ పీడనం విషయంలో అది కూడదు. భద్రత హద్దులను జరిమానాలుగా ఎప్పుడూ రాయకూడదు. అవి కింది అంతస్తులో, పీఎల్‌సీలో, భద్రత కోసమే ప్రత్యేకించిన వ్యవస్థలో గట్టిగా ఉండాలి. పైనుంచి ఎంత తెలివైన సలహా వచ్చినా ఆ హద్దు దాటనివ్వకూడదు.

పైన సలహా, కింద హద్దు అన్న ఈ క్రమం ఊహ కాదు. 2016లో గూగుల్ తన డేటా సెంటర్ల శీతలీకరణకు కృత్రిమ మేధను వాడి, చల్లబరచడానికయ్యే విద్యుత్తును 40 శాతం దాకా తగ్గించింది. మొదట ఆ వ్యవస్థ సలహా మాత్రమే ఇచ్చేది, మనుషులు అమలు చేసేవారు. 2018 నాటికి నేరుగా ఆజ్ఞలిచ్చే స్థాయికి వచ్చింది. అప్పుడు కూడా ప్రతి ఐదు నిమిషాలకు వచ్చే ఆజ్ఞను స్థానిక నియంత్రణ వ్యవస్థ తన భద్రత హద్దులతో సరిచూశాకే అమలు చేసింది. కాంతి కంప్యూటర్ మన కర్మాగారాల్లోకి రావలసిన దారి కూడా ఇదే.

అలాగని కింది అంతస్తులో కాంతికి చోటు లేదని కాదు. అక్కడ అది ఎప్పుడో వచ్చేసింది, దూతగా, కాపలాదారుగా. పెద్ద మోటార్లు, ఆర్క్ ఫర్నేసులు పుట్టించే విద్యుదయస్కాంత అలజడి ఫైబర్‌లోని సందేశాన్ని చెడగొట్టలేదు. కన్వేయర్ బెల్టు పొడవునా, కేబుల్ సొరంగం పొడవునా వేసిన ఒక్క ఫైబర్, ఏ మీటరు దగ్గర వేడెక్కుతోందో చెబుతుంది. నమ్మకం నిరూపించుకున్న పనులు ఇవి.

చివరిగా విద్యార్థులకూ, కర్మాగారాల్లోని ఇంజినీర్లకూ ఒక విన్నపం. యంత్రం కాంతిదైనా, సిలికాన్‌దైనా, మనం సరిగ్గా రాసిచ్చిన లెక్కనే అది చేయగలదు. ఆ రాత మన పని. మీ ప్లాంటులో దేనికి కొరత ఉందో, ఏ నియమం సడలించవచ్చో, ఏది ప్రాణం పోయినా సడలించకూడదో ఇప్పుడే కాగితం మీద పెట్టండి. క్రేన్ నడిపేవారిని, కంట్రోల్ రూమ్ ఆపరేటర్లను అడిగి రాయండి. పుస్తకాల్లో లేని నియమాలు వారి దగ్గర ఉంటాయి. మామూలు కంప్యూటర్‌తోనే ఆ లెక్కను ఒకసారి చేయించి చూడండి. అలా సిద్ధంగా ఉన్న కర్మాగారానికే రేపు వచ్చే కాంతి కంప్యూటర్ ఉపయోగపడుతుంది.